మేడ బొమ్మ

జోస్యం చెప్పే పేకలో మేడ బొమ్మ అని ఒక ముక్క ఉంటుంది. నల్లటి ఆకాశం కింద కొండ కొమ్మున నిటారుగా ఒక మేడ. పిడుగు పడి మేడ నెత్తిన ఉన్న కిరీటం ఊడి పక్కకు ఎగిరిపోతుంటుంది. మూడు కిటికీల్లోంచి మంటలు వస్తుంటాయి. ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతుంటారు, ఒకరు ఈ పక్కకు, ఒకరు ఆ పక్కకు.

ఈ మధ్య లైబ్రరీలో ఒక పుస్తకం దొరికితే అందులో ఈ బొమ్మకు అర్థం చూశాను. ఉన్నట్టుండి బతుకు తలకిందులు కావడం, అని రాసి ఉంది. ఉన్నట్టుండి అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మా ఇంట్లో ఏదీ ఉన్నట్టుండి జరగలేదు. ముప్పై ఆదివారాలు పట్టింది. ఆ ముప్పై ఆదివారాలూ నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. అప్పటికి నాకు డెబ్బై ఒకటి, దానికి అరవై ఆరు. చిన్నప్పుడు అది పళ్ళెం ముందు కూర్చుని ఒక్కో మెతుకూ ఏరుకుని తినేది. అందుకని అమ్మ పిచిక అని పిలిచేది. అమ్మ పోయినా ఆ పేరు పోలేదు. రెండు గదులు, ఒక వరండా, మూడో అంతస్తు. కింద లాండ్రీ. ఆ లాండ్రీకి వచ్చే చొక్కాల కాలర్లూ చేతుల పట్టీలూ పైకి పంపిస్తే నేను ఇస్త్రీ చేసి పంపేదాన్ని. పిచిక మూడు వీధుల అవతల బైండింగ్ షాపులో పని. ముద్రించి వచ్చిన ఫారాలు మడతపెట్టడం, వరసగా పేర్చడం, కుట్టడం. నలభై ఏళ్ళు అదే పని.

నేను బడికి వెళ్ళలేదు. చదువు ముప్పై దాటాక వచ్చింది, అదీ పిచిక పుణ్యమే. షాపులో మసి అంటినవీ, వంకరగా అచ్చయినవీ, పాడైన ఫారాలన్నీ పారేసేవాళ్ళు. పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయని అది ఇంటికి తెచ్చేది. నేను వాటిని పొయ్యిలో పెట్టే ముందు చూడటం మొదలుపెట్టాను. మొదట అక్షరాలు, తరవాత మాటలు, తరవాత కథలు. ఏ కథా పూర్తిగా ఉండేది కాదు. ఒకచోట పెళ్ళికూతురు గడప దాటుతుంటే కాగితం అయిపోయేది. ఇంకోచోట ఒకాయన ఉత్తరం చించబోతూ ఉండేవాడు. ఆ తరవాత ఏమైందో తెలుసుకునే దారి లేదు. ఒకసారి నా పుట్టినరోజని పిచిక ఆ ఫారాలన్నీ పోగేసి గట్టి అట్ట వేసి ఒకే పుస్తకంగా కుట్టి ఇచ్చింది. ముప్పై పుస్తకాల ముక్కలు, మొదలూ చివరా లేనివి.

"ఇదిగో నీ అతుకుల పుస్తకం. ఇక పొయ్యిలో పెట్టకుండా దాచుకో," అంది.

"నువ్వూ చదవరాదా?"

"నేను కుట్టేదాన్నే గానీ చదివేదాన్ని కాదు. వంటవాళ్ళకి ఆకలుండదు చూడు, అలాగే."

పేక కూడా అలాగే వచ్చింది. మూడేళ్ళ కిందట షాపుకి ఆ ముక్కలు కత్తిరించే పని వచ్చింది. ఒక కట్ట అంచులు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా తెగింది. పారెయ్యమంటే తెచ్చేసింది. దాంతోపాటు ఉండాల్సిన చిన్న పుస్తకం మాత్రం రాలేదు. బొమ్మలు చూసి అర్థాలు నేనే పెట్టుకున్నాను. కుండ నుంచి నీళ్ళు పోసే అమ్మాయి అంటే నిద్ర బాగా పడుతుంది. గుండెలో మూడు కత్తులు దిగిన ముక్క అంటే మామూలే, ఎవరి గుండెలో లేవు గనక. ఎముకల మనిషి తెల్ల గుర్రమెక్కి వచ్చే ముక్క ఒకటుంది. అది ముసలితనం అని పెట్టాను. అందరికీ వచ్చేదే, భయపడాల్సింది లేదు.

మేడ బొమ్మకు మాత్రం చూడగానే అర్థం తట్టింది. విడిపోవడం. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు చెరో పక్కకీ పడిపోవడం. వాళ్ళ ముఖాలు చూడండి, ఒకరినొకరు చూసుకోరు.

నాకు ఆ అర్థం తట్టడానికి కారణాలున్నాయి. అమ్మ సంచి తనే పట్టుకుని నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మా ఆయన చెప్పు కుట్టించుకొస్తానని వెళ్ళాడు. వేరే ఊరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది, రెండోది రాలేదు. అప్పటి నుంచి ఎవరు గుమ్మం దాటుతున్నా ఎప్పుడొస్తావని అడగకుండా ఉండలేను. పిచిక రోజూ పనికి వెళ్ళేటప్పుడు నేను వరండాలో నిలబడేదాన్ని. వీధి మలుపు దగ్గర అది వెనక్కి తిరిగేది కాదు, చెయ్యి మాత్రం పైకెత్తి ఊపేది. ఎందుకు తిరిగి చూడవే అంటే, "చూస్తే నువ్వు ఏడుస్తావు, నేను పనికి ఆలస్యమవుతాను," అనేది.

ఆదివారం పొద్దున టీ తాగాక పేక వేసేదాన్ని. లాండ్రీ ఆవిడ వచ్చేది. ఆవిణ్ణి అందరూ లాండ్రీ వదిన అంటారు, ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం ఆవిడకు మేడ బొమ్మ వచ్చింది.

"ఏంటమ్మా ఇది, మా షాపు తగలబడుతుందా?" అంది.

"కాదు. ఎవరో ఇల్లు వదిలి వెళ్తారు."

"ఎవరు, మా ఆయనా? ఆయన మంచం దిగితే కదా ఇల్లు దిగడానికి!"

అందరం నవ్వాం. పది రోజులకు ఆయన మంచం దిగాడు. తమ్ముడి దగ్గరికని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. లాండ్రీ వదిన ఏడవలేదు, నెల తిరక్కుండా కొత్త మిషను తెచ్చుకుంది. కానీ నాకు మాత్రం ఆ ముక్కంటే భయం పట్టుకుంది.

ఆ తరవాత నెలలోనే మేడ బొమ్మ పిచికకు వచ్చింది. ఒకసారి కాదు, రెండు ఆదివారాలు వరసగా. అది నవ్వేసి, "నేనెక్కడికి పోతానే, మోకాళ్ళు మూడు వీధులకే మొరాయిస్తుంటే," అంది. నేను నవ్వలేకపోయాను. మర్నాడు అది పనికి వెళ్ళాక, ఇంకా కొత్తగానే ఉన్న పేకలోంచి ఆ ముక్క తీసి అతుకుల పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం పిచిక తెరవదని నాకు తెలుసు. ముక్క లేకపోతే రాదు, రాకపోతే జరగదు. అంతే నా లెక్క. డెబ్బై ఏళ్ళ దాన్ని, ఇన్ని కాగితాలు చదివినదాన్ని, అలాగే అనుకున్నాను.

ఒక ఏడాది దాటింది. పేకలో డెబ్బై ఎనిమిదికి డెబ్బై ఏడు ముక్కలే ఉన్నాయని ఎవరూ గమనించలేదు. వేసీ వేసీ వాటి అంచులు మట్టి రంగుకు తిరిగాయి.

పిచికకు తిండి దిగకపోవడం చలికాలం చివర్లో మొదలైంది. మొదట రొట్టె ముక్క గొంతులో ఆగిందంది. నీళ్ళు తాగి సరిపెట్టుకుంది. తరవాత గట్టివేవీ ముట్టడం మానేసింది. అన్నీ పాలల్లో నానబెట్టుకునేది.

"ఆస్పత్రికి వెళ్దామే," అన్నాను. ఒకసారి అన్నాను. ఆ మాట ఒకసారే అన్నానని నాకు బాగా గుర్తు.

"ఆస్పత్రికా? అమ్మ వెళ్ళినట్టా?" అంది. పాల గిన్నె పక్కకు జరిపి, "సరే, ఒక పని చేద్దాం. నీ పేకనే అడుగుదాం. ఆ మేడ బొమ్మ వచ్చిందనుకో, ఆ రోజే నడుచుకుంటూ వెళ్ళిపోతా. సంచి కూడా నేనే పట్టుకుంటా. రాలేదనుకో, నన్ను వేధించకు," అంది.

అప్పుడు చెప్పాల్సింది. చెల్లీ, ఆ ముక్క పేకలో లేదే అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఎందుకు తీశావని అడుగుతుంది. నువ్వు పోతావని భయమేసి తీశానని చెప్పాలి. పోతావు అన్న మాట దాని ముందు నా నోటితో అనాలి. నేను పేక తీసి కలిపాను.

మూడు ముక్కలు తీసింది. కుండ అమ్మాయి, కర్రల మోపు మోసేవాడు, చంద్రుణ్ణి చూసి మొరిగే కుక్కలు.

"చూశావా!" అంది. దాని ముఖంలో ఎంత వెలుగు వచ్చిందో చెప్పలేను. సరిగ్గా చెప్పాలంటే, నా ముఖంలో కూడా వచ్చింది. అది రాదని తెలిసి కూడా నాకు గుండె కుదుటపడింది. ఇలాంటి మనిషి ఉంటుందా అని మీరు అనుకోవచ్చు. ఉంటుంది.

ఆ తరవాత ప్రతి ఆదివారం అదే తంతు. శనివారం సాయంత్రం ఇస్త్రీపెట్టె చల్లారుతుంటే నేను అతుకుల పుస్తకం వైపు చూసేదాన్ని. రేపు ముక్క తిరిగి పెట్టేస్తాను అనుకునేదాన్ని. పెడితే రావచ్చు. వస్తే పిచిక ఆస్పత్రికి వెళ్తుంది. వెళ్తే అమ్మలాగా. ఇంకో వారం చూద్దాం, ఈ వారం కాస్త మేలుగానే ఉంది, రెండు పూటలా పాలు దిగాయి. అలా ప్రతి శనివారానికీ నాకు ఒక కారణం దొరికేది. వెతికేవాళ్ళకు దొరకకపోవడం ఉండదు.

పిచిక నడుము దగ్గర బట్టలు వదులయ్యాయి. నేను కుట్లు లోపలికి వేసి సరిచేశాను. మళ్ళీ వదులయ్యాయి, మళ్ళీ వేశాను. లాండ్రీ వదిన ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపింది.

"మీ చెల్లెలు అలా చిక్కిపోతోందేంటమ్మా? డాక్టరుకి చూపించారా?"

"దానిది చిన్నప్పటి నుంచీ పిచిక తిండే."

"పిచిక తిండి వేరు, పిచిక అవడం వేరు," అంది ఆవిడ. నేను బట్టల మూట పట్టుకుని గబగబా పైకి ఎక్కేశాను.

ఒక ఆదివారం ఎముకల గుర్రపువాడు వచ్చాడు. పిచిక ఆ ముక్కని చేతిలోకి తీసుకుని, తన మణికట్టు పక్కన పెట్టి చూసుకుంది.

"అక్కా, వీడికి నాకంటే కండ ఉందే!"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

ముప్పయ్యో ఆదివారం దాటాక, బుధవారం మధ్యాహ్నం, షాపులో కట్ట ఎత్తబోయి పిచిక పడిపోయింది. ఓనరు, కుట్టుపని చేసే ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాకు కబురు తెచ్చింది లాండ్రీ వదిన. ఇస్త్రీపెట్టె కాలరు మీదే వదిలి మెట్లు దిగాను. అది కాలిన వాసన ఇప్పటికీ ఆ గదిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

నాలుగు రోజులు ఉంచుకుని గొట్టం వేసి చూశారు, ఫోటోలు తీశారు. నాలుగో రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచింది. చిన్న పిల్ల, నా మనవరాలి వయసు ఉంటుంది, ఉంటే. జేబులో పెన్ను మూత కొరికేసి ఉంది. అది చూసి ఈ పిల్లకి కూడా భయాలుంటాయి కాబోలు అనుకున్నాను.

"మింగడం కష్టంగా ఉండబట్టి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలా?" అంది. "ఎందుకు ఆగారు?"

నేను గోడకేసి చూశాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది.

"గొంతు కింద గొట్టంలో గడ్డ ఉందమ్మా. మొదట్లో అయితే తీసెయ్యడానికి వీలుండేది. ఇప్పుడు పక్కకు పాకింది, కాలేయంలో కూడా కనిపిస్తోంది. నొప్పి తెలియకుండా చూడగలం. అంతకంటే..."

"ఒక నెల ముందొస్తే?"

"నెల కాదమ్మా. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే."

"అప్పుడు తప్పకుండా బాగయ్యేదా?"

కాదని అంటుందేమో అని ఆశపడ్డాను. అవును, దాని ప్రాణం గురించి కాదు, నా గురించి ఆశపడ్డాను.

"తప్పకుండా అని ఎవరూ చెప్పలేరమ్మా," అంది ఆ అమ్మాయి. "కానీ అవకాశం ఉండేది. మంచి అవకాశమే. ఆవిడకి ఇంకా చెప్పలేదు. మమ్మల్ని చెప్పమంటారా, మీరే నెమ్మదిగా చెబుతారా?"

"నేనే చెబుతాను," అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో.

లోపలికి వెళ్ళేసరికి పిచిక దిండు గలీబు అంచు మడతపెడుతోంది. వేళ్ళు ఊరికే ఉండలేవు దానికి.

"ఏమంది ఆ పిల్ల?"

"పుండు అంది. మందులిస్తుందట. ఇంటికి వెళ్ళొచ్చు."

"అంతేనా? మరి అంతసేపు వరండాలో ఏం చేశారు, పెళ్ళి మాటలా?"

"నీ వంకలన్నీ రాసుకుంది."

పిచిక నా ముఖంలోకి చూసింది. తరవాత గలీబు అంచు వేలితో నొక్కి నొక్కి మడత పదును చేసింది.

ఇంటికి వచ్చాం. వారం గడిచింది. పొద్దున చెబుదాం అనుకుంటే మధ్యాహ్నం అయ్యేది, మధ్యాహ్నం మందుకు నిద్రపోయేది. ఆదివారం పొద్దున అది మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, "పేక తియ్యి," అంది.

"ఇప్పుడెందుకే?"

"ఆదివారం కదా. ఏ వారం మానలేదు, ఈ వారం ఎందుకు మానాలి?"

నేను అవతలి గదిలోకి వెళ్ళాను. అతుకుల పుస్తకం తీసి మేడ బొమ్మ బయటికి లాగాను. నా నోటితో చెప్పలేనిది ఆ ముక్క చెబుతుంది అనుకున్నాను. అది వస్తుంది, పిచికే చూస్తుంది, "అయితే నిజమేనన్నమాట" అంటుంది, నేను తల ఊపితే చాలు. పేక మధ్యలోకి దోపి, తెచ్చి, బాగా కలిపాను.

పిచిక మూడు తీసింది. కుండ అమ్మాయి, గిన్నెలు వరసగా పెట్టుకుని కూర్చున్న లావుపాటాయన, గుర్రమెక్కిన పసివాడు.

"ఇదిగో, అన్నీ సుఖాలే," అంది పిచిక.

"ఇంకోసారి తియ్యి."

"ఎప్పుడూ ఒకసారే కదా?"

"ఈసారికి తియ్యవే."

తీసింది. రాలేదు. మళ్ళీ తియ్యమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడోసారీ రాలేదు. అన్నాళ్ళూ రాకూడదని దాచిన ముక్క, రమ్మని బతిమాలితే రాలేదు.

"ఏంటే నీకు ఇవాళ?" అంటూ పిచిక ముక్కలన్నీ దగ్గరికి తీసుకుంది. చేతికి ఏ కాగితాల కట్ట వచ్చినా అది నాలుగు వైపులా తట్టి సమం చెయ్యకుండా ఉండలేదు. ఒళ్ళో ఉన్న పళ్ళెం తిరగేసి దాని మీద పేకని నిలబెట్టి తట్టింది. ఒక వైపు, రెండో వైపు. మూడో వైపు తట్టబోతూ ఆగింది.

పేకని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. డెబ్బై ఏడు అంచులూ మట్టి రంగు. మధ్యలో ఒకే ఒక్క తెల్లటి గీత.

గోటితో ఆ ముక్కని బయటికి లాగింది. మేడ బొమ్మ. రంగులు నిన్న అచ్చయినట్టు మెరుస్తున్నాయి. పిచిక దాన్ని తిప్పి వెనక చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది, వేలితో అంచు తడిమింది.

"ఇది చెయ్యి తగిలిన ముక్క కాదే," అంది.

నేను దాని ఒళ్ళో పళ్ళెం తియ్యబోయాను.

"ఎన్నాళ్ళయింది తీసి?"

"రెండేళ్ళు కావొస్తోంది."

దాని పెదవులు కదిలాయి. వారాలు లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు.

"అంటే నేను అడిగిన ఆదివారాల్లో..."

"లేదు."

"ఒక్క ఆదివారం కూడా?"

"ఒక్కటి కూడా లేదే. ఇవాళే పెట్టాను."

కింద లాండ్రీలో మిషను తిరుగుతోంది. నేల అదురుతోంది. ఆ అదురుకు మందు సీసా మూత చిన్నగా చప్పుడు చేస్తోంది. పిచిక చెయ్యి చాచి ఆ మూత బిగించింది.

"వరండాలో ఆ పిల్ల ఏం చెప్పిందో ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఆరు నెలలన్న మాట కూడా చెప్పాను. అది వదిలేసి చెబుదామనుకున్నాను గానీ, అప్పటికి నా దగ్గర దాచడానికి బలం మిగల్లేదు. చెబుతున్నంతసేపూ పిచిక నన్ను చూడలేదు, ముక్కనే చూసింది. తరవాత ఎవరో చిన్నపిల్ల ఫిర్యాదు చేస్తున్నట్టు అంది:

"వెళ్తానన్నానుగా అక్కా. అది వస్తే వెళ్తానని చెప్పానుగా."

నేను దాని కాళ్ళ మీద చెయ్యి వేశాను. అది నా చెయ్యి తియ్యలేదు, తియ్యమనలేదు. కాళ్ళు కట్టెల్లా ఉన్నాయి.

కాసేపటికి, "ఆ టీ మిగిలిందా?" అంది.

మింగలేదు కదా అనుకుంటూనే కప్పు ఇచ్చాను. చల్లారిపోయింది. పిచిక రుమాలు కొస కప్పులో ముంచి, పిండి, ఆ ముక్క అంచుల మీద నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టింది. పాత పుస్తకాల్లో చిరిగిన పేజీకి కొత్త కాగితం అతికితే షాపులో అలాగే చేస్తారు, తెలుపు కొట్టొచ్చినట్టు కనిపించకుండా. ఒక అంచు, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. నాలుగు వైపులా అయ్యాక పేకలో దోపి, తట్టి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఇప్పుడు కలిసింది," అంది. "ఇలా చేసి పెట్టి ఉంటే నేనెప్పటికీ కనుక్కునేదాన్ని కాదు. దొంగతనం కూడా చేతకాదు నీకు."

అది దాని మామూలు గొంతే, నన్ను ఆటపట్టించే గొంతే. నేను తలెత్తి చూశాను. ముఖంలో ఆట లేదు. పేక నా చేతికి ఇచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తరవాత అది నాతో మాట్లాడలేదని చెబితే అబద్ధం. నీళ్ళు కావాలంది, దిండు సరిచెయ్యమంది, కిటికీ వెయ్యమంది. అక్కా అని మాత్రం అనలేదు. ఇంట్లో ఇద్దరమే ఉంటాం, పిలవకపోయినా ఎవరితో అంటున్నదీ తెలుస్తుంది. పదకొండు రోజులు అలా గడిచాయి. నేను రోజూ లెక్కపెట్టుకున్నాను, ఇవాళ అంటుందేమో, ఇవాళ అంటుందేమో అని.

పన్నెండో రోజు నీళ్ళు కూడా దిగలేదు. ఆస్పత్రిలో ఉంటానంది. లాండ్రీ వదిన బట్టలు వేసే వ్యాను తెప్పించింది. నేను చీర మార్చుకుని సంచి సర్దుతుంటే పిచిక, "నువ్వు రాకు," అంది.

"ఎందుకే?"

"మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేవు. వదిన వస్తుందిలే నాతో."

"నిన్న కూడా రెండుసార్లు దిగి ఎక్కానే."

"వద్దన్నానుగా," అంది. సంచి నా చేతిలోంచి తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరు మనుషులు దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. వ్యాను వెనక తలుపు వెయ్యలేదు, లోపల దాని తల వెనక భాగం, పక్కన లాండ్రీ వదిన భుజం కనిపిస్తున్నాయి. వ్యాను వీధి చివరిదాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. చెయ్యి పైకి లేవలేదు.

ఎత్తడానికి బలం లేకపోయి ఉండొచ్చు. అప్పటికి చెంచా కూడా ఎత్తలేకపోతోంది. లాండ్రీ వదిన కూడా అదే అంది. "చేతులు దుప్పటి లోపల పెట్టానమ్మా, చలి అంటేనూ," అంది. ఆవిడ మంచి మనిషి, నా కోసం ఎన్ని దుప్పట్లైనా కప్పగలదు.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి మందు మత్తులో ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజుకు మంచం ఖాళీ. డాక్టరమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. మళ్ళీ ఎందుకు ఆగారని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు. సంచి ఇచ్చారు. రుమాలు ఉంది, కొస టీ రంగులో.

ఒక ఆలోచన అప్పుడప్పుడు వస్తుంది. కుట్టిన పుస్తకంలో ఒక్క పేజీ తక్కువైనా బొటనవేలితో పట్టేసే మనిషి పిచిక. రెండేళ్ళు ప్రతి ఆదివారం ఆ పేకని తట్టి సమం చేసింది. ఒక ముక్క లేదని దానికి తెలియలేదా? తెలిసే, భయమేసి, ఆ పందెం వేసిందా? అలా అయితే తప్పులో సగం దానిది. ఈ ఆలోచన నాకు ఎంత హాయిగా ఉంటుందో. అందుకే దీన్ని నమ్మను. "ఇది చెయ్యి తగిలిన ముక్క కాదే" అన్నప్పటి దాని ముఖం నేను చూశాను.

లైబ్రరీ పుస్తకంలో ఇంకా చాలా రాసి ఉంది. మేడ కూలాక ఆకాశం తేటపడుతుందట, కొత్తగా కట్టుకోవచ్చట. రాసినావిడ వయసు చిన్నది అయ్యుంటుంది.

లాండ్రీ వదిన ఇప్పుడు ఆదివారాలు రాదు. కాలర్లు పంపుతుంది, మెట్ల మీద కనబడితే బాగున్నారా అంటుంది. నేను టీ పెట్టుకుని, పేక ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఏమీ అడగను, ఎవరి గురించని అడగను. ముక్కలు వెయ్యను కూడా. నాలుగు వైపులా తట్టి, కిటికీ వెలుతురుకు పట్టి చూస్తాను. అన్ని అంచులూ ఒకే మట్టి రంగు. పిచిక పనిలో ఎప్పుడూ వంక ఉండదు. మేడ బొమ్మ ఎక్కడుందో కనిపెట్టలేను.